ఒకే ద్రాక్షకు ఐదు పేర్లు!

స్పెయిన్ తోటల్లో మేం గడిపిన వారం రోజులు

"ఈ రియోజాలో ఏ ద్రాక్ష వాడతారు?"

బర్మింగ్‌హామ్‌లో ఓ దుకాణం కౌంటరు దగ్గర ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. మా మిత్రుడు తడుముకోకుండా "రియోజా ద్రాక్షే సార్" అన్నాడు. పెద్దాయన నవ్వేశాడు. "అది ప్రాంతం పేరు బాబూ, ద్రాక్ష పేరు కాదు. పలకడం కూడా రియోజా కాదు, రియోహా" అని చెప్పి సీసా తీసుకుని వెళ్లిపోయాడు. వెనకే ఉన్న మేనేజరు అంతా విన్నాడు. వైన్ సెక్షన్ చూసే పని మావాడికే వస్తుందనుకున్నాం. ఆ నెలలోనే అది ఇంకొకరికి వెళ్లిపోయింది.

మేం నలుగురం ఒకే ఇంట్లో అద్దెకుంటాం. ఒకరు హోటల్ వంటింట్లో, ఒకరు కేర్ హోమ్‌లో, ఒకరు గోడౌన్‌లో, ఈ మిత్రుడు దుకాణంలో. ఆ రాత్రి అతను అన్నం ముందు కూర్చుని అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తే. "పని పోయిందని కాదన్నా. ద్రాక్షతోటల పుట్టి పెరిగినోణ్ని. ద్రాక్ష గురించి అడిగితే నాకే తెల్వకపాయె!"

నిజమే. వాళ్లది శామీర్‌పేట వైపు. వాళ్ల నాన్నగారు ఇరవై ఏళ్లు అనాబ్-ఎ-షాహీ పండించారు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలావరకు వెంచర్లయ్యాయి. వాళ్ల తోట కూడా ప్లాట్లయింది.

అప్పుడే నిర్ణయించుకున్నాం. సెప్టెంబరులో సెలవులు కలుపుకుని, షెంజెన్ వీసాలు తీసుకుని, ద్రాక్ష కోతల వేళకు బిల్బావోలో దిగాం. మాలో ఒకరు మందు ముట్టరు. కారు ఆయన చేతికిచ్చాం.

సీసా మీద ఊరు, లోపల ద్రాక్ష

బిల్బావో నుంచి దక్షిణంగా రెండు గంటలు వెళ్తే లోగ్రోన్యో. రియోహా ప్రాంతానికి అదే ముఖ్య పట్టణం. ఎబ్రో నది ఒడ్డునే తోటలు. మనకు అలవాటైన పందిళ్లు లేవు. మోకాలెత్తు మొద్దులు, వాటి మీద పొదల్లా పరుచుకున్న తీగలు. కొన్ని తోటల్లో వరుసగా తీగెలు కట్టి పాకించారు.

అక్కడి ముఖ్యమైన ద్రాక్ష తెంప్రానియో. 'తెంప్రానో' అంటే స్పానిష్‌లో తొందరగా అని. మిగతా ఎర్ర రకాల కంటే ముందే పండుతుంది కాబట్టి ఆ పేరు. తోట యజమాని ఒక గుత్తి తెంపి ఇచ్చాడు. గింజలు చిన్నవి, తొక్క మందం, తీపి మాత్రం బెల్లమే. మావాడు నోట్లో వేసుకుని, "గిదేం ద్రాక్షన్నా, అన్నీ ఇత్తులే!" అన్నాడు. వైన్‌కు కావలసింది ఆ తొక్కే. రంగు, వగరు, వాసన అంతా అందులోనే ఉంటాయి.

అసలు ఆశ్చర్యం దిగుబడి దగ్గర. రియోహాలో ఎర్ర ద్రాక్షకు హెక్టారుకు 6,500 కిలోలకు మించి తీయకూడదని నిబంధన. ఎకరానికి లెక్కేస్తే రెండున్నర టన్నుల పైచిలుకు. "మా బాపు ఎకరాకు పది, పన్నెండు టన్నులు తీసేటోడు. ఈడ ఎక్కువ పండిస్తే తప్పా?" అని మావాడు నోరెళ్లబెట్టాడు. కాపు ఎక్కువైతే రసం పలచబడుతుంది, వైన్‌లో పస ఉండదు. అందుకే ఆ కట్టడి.

మన ఊళ్లో కల్లు తాగేవాళ్లు ఈతదా, తాటిదా అని అడుగుతారు. స్పెయిన్‌లో అలా అడగరు. ఏ ప్రాంతానిదని అడుగుతారు. ప్రాంతం తెలిస్తే ద్రాక్ష తెలిసినట్టే. అందుకే సీసా మీద ఊరి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ద్రాక్ష పేరు చాలాసార్లు ఉండనే ఉండదు. ఆ ప్రాంతం పేరు వాడుకోవాలంటే ఏ రకాలు నాటాలి, ఎంత పండించాలి, ఎన్నాళ్లు నిలవ ఉంచాలి అనే నియమాలన్నీ పాటించాలి. చూసేందుకు ప్రతి ప్రాంతానికీ ఒక మండలి ఉంటుంది.

అసలు తమాషా ఇక్కడే. ఈ తెంప్రానియోనే దువేరో నది ఒడ్డున రిబేరా దెల్ దువేరోలో 'తింతో ఫీనో' అంటారు. కాస్త పడమరకు వెళ్తే 'తింతా దె తోరో'. మధ్య స్పెయిన్‌లోని లా మాంచాలో 'సెన్సిబెల్'. కతలోనియాలో 'ఉల్ దె యేబ్రె', అంటే కుందేలు కన్ను! ఒకే ద్రాక్ష, ఐదు పేర్లు. మేం నవ్వుకున్నాం. మన సంగతి మాత్రం వేరా? ఊళ్లో ఒక పిలుపు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుకొచ్చి ఇంకోటి, డ్యూటీ బ్యాడ్జి మీద తెల్లవాళ్లకు నోరు తిరిగేలా కుదించింది మరొకటి.

అయితే పేరొక్కటే మారదు, గుణమూ మారుతుంది. రిబేరాలో చాలా తోటలు 800 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటాయి. పగలు మండుటెండ, రాత్రి వణికించే చలి. అక్కడి గింజకు తొక్క మందం, వైన్ నలుపు తిరిగి గట్టిగా ఉంటుంది. అరందా దె దువేరో పట్టణం కింద పాతకాలపు నేలమాళిగలు సొరంగాల్లా సాగుతాయి. పైన బజారు, కింద వైన్!

కోసేది ఎవరు?

లోగ్రోన్యో దగ్గర ఒక తోటలో కోతలు జరుగుతున్నాయి. నడుం వంచి, చిన్న కత్తెరతో గుత్తి కోసి డబ్బాలో వేయడం, నిండిన డబ్బాను ట్రాక్టరు దాకా మోయడం. దగ్గరికి వెళ్తే పంజాబీ మాటలు వినిపించాయి. పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు. రియోహాలో వాళ్ల సంఖ్య బాగానే ఉంది. రొమేనియా, మొరాకో, సెనెగల్ వాళ్లూ ఈ కోతలకు వస్తారు. ఒకప్పుడు స్పెయిన్ కూలీలే కుటుంబాలతో సహా ఫ్రాన్స్‌కు ద్రాక్ష కోతకు వెళ్లేవారు. ఇప్పటికీ కొందరు వెళ్తారు.

మాకు వచ్చిన హిందీలో పలకరించాం. ఒక పెద్దమనిషి నుదుటి చెమట తుడుచుకుని, "పద్నాలుగేళ్లుగా కోస్తున్నా భాయ్, ఒక్క చుక్క తాగలేదు" అని నవ్వాడు. పని దొరికేదాకా పార్కుల్లో పడుకునేవాళ్లు కూడా ఉంటారని చెప్పాడు. ఊళ్లో కాగితాలు తాకట్టు పెట్టి, మొదటి నెలలు ఎక్కడ తల దాచుకున్నామో ఇంటికి చెప్పని మన గల్ఫ్ అన్నలు గుర్తొచ్చారు. ఆ తర్వాత ఏ గ్లాసు ఎత్తినా ముందు ఆ నడుములే కళ్లముందు మెదిలాయి.

పురుగు వచ్చింది, వేరు మారింది

ఈ తోటలన్నిటికీ ఒక పెద్ద గండం గడిచింది. 1860లలో ఫ్రాన్స్‌లో ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు ద్రాక్ష వేళ్లను తినడం మొదలుపెట్టింది. అమెరికా నుంచి తెచ్చిన మొక్కలతో వచ్చిందది. బోర్దో తోటలు ఎండిపోతుంటే అక్కడి వ్యాపారులు రైల్లో రియోహాలోని హారోకు వచ్చి వైన్ కొనుక్కున్నారు. ఆ రోజుల్లో హారో రైల్వే స్టేషన్ చుట్టూ వెలసిన వైన్ కంపెనీలు కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. ఓక్ చెక్క పీపాల్లో నిలవ చేసే ఫ్రెంచి పద్ధతి కూడా ఆ కాలంలోనే స్థిరపడింది.

కానీ ఆ పురుగు 1878లో మలాగాకు, 1899లో రియోహాకూ చేరింది. మందు లేదు. ఉన్న దారల్లా ఒక్కటే. పురుగును తట్టుకునే అమెరికా జాతి వేరు మీద స్పెయిన్ కొమ్మను అంటు కట్టడం. ఇవాళ స్పెయిన్‌లో చాలా తీగలు అలా నిలబడినవే. ఇసుక నేలల్లో మాత్రం పురుగు బతకలేదు. తోరో, హుమియా ప్రాంతాల్లో అంటు లేకుండా సొంత వేళ్ల మీదున్న ముసలి తీగలు ఇంకా ఉన్నాయి.

"వాళ్లది పరాయి వేరు, సొంత కొమ్మ. మనది సొంత వేరు, పరాయి గాలి" అన్నాడు మా డ్రైవరు మిత్రుడు. ఆ రోజు మాలో తాగనివాడు ఆయనొక్కడే!

ఇతర ప్రాంతాలు క్లుప్తంగా

దుకాణాల్లో, హోటళ్లలో పనిచేసేవారికి పనికొస్తుందని మేం రాసుకున్న చిట్టా ఇది.

రువేదా: తెల్ల వైన్. ద్రాక్ష వెర్దేహో. ఎండకు రసం చెడకుండా రాత్రిపూట యంత్రాలతో కోస్తారు.

ప్రియొరాత్: కతలోనియా కొండలు, నల్లని పలకరాయి నేల. గార్నాచా, కరిన్యేనా. ధర ఎక్కువ.

లా మాంచా: విశాలమైన మెట్టనేల. తెల్ల ద్రాక్ష ఐరెన్. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. చాలావరకు బ్రాందీకి, చవక వైన్‌కు పోతుంది.

హుమియా, యెక్లా: మొనాస్ట్రెల్. ఎండ దేశపు ఎర్ర వైన్, ఘాటు ఎక్కువ.

ఉతియెల్-రెకేనా: బొబాల్.

బియెర్జో: మెన్సీయా. వాల్దెయోర్రాస్: గొదెయో. దాదాపు కనుమరుగైన ఈ గొదెయోను 1970లలో పట్టుబట్టి మళ్లీ నాటించారు.

కావా: బుడగల వైన్. మకబేయో, శరేలో, పరెయాదా అనే మూడు రకాలు ప్రధానం.

హెరెజ్: ఇంగ్లిష్‌వాళ్ల షెర్రీ ఇదే. సుద్దలాంటి తెల్లనేలలో పలోమీనో ద్రాక్ష. పేద్రో హిమెనెజ్ అనే రకాన్ని ఎండలో ఆరబెట్టి పాకంలాంటి తీపి వైన్ చేస్తారు.

రియోహా సీసా వెనక ముద్ర రంగు చూస్తే చాలు. ఎరుపైతే క్రియాంజా, అంటే కనీసం రెండేళ్లు నిలవ. మెరూన్ అయితే రెసెర్వా, మూడేళ్లు. నీలమైతే గ్రాన్ రెసెర్వా, ఐదేళ్లు. ఆకుపచ్చకు ఇలాంటి నియమం లేదు. ఎక్కువ ఏళ్లంటే అందరికీ నచ్చుతుందని కాదు, ధర మాత్రం పెరుగుతుంది.

ఇంకో మాట. సౌదీ, కువైట్‌లకు వెళ్లే సోదరులు చవగ్గా వచ్చిందని సీసాను పెట్టెలో పెట్టుకోవద్దు. ఒక్క సీసాతో ఉద్యోగం, వీసా రెండూ పోతాయి.

రాతి కడీల మీద పందిరి

చివరి రెండు రోజులు వాయవ్య మూలనున్న గలీసియాలో గడిపాం. సముద్రం, వాన, పచ్చదనం. కోనసీమకు వచ్చామా అనిపించింది. కంబాదోస్ దగ్గర కారు మలుపు తిరగగానే వెనక సీట్లోంచి మావాడు, "ఆపన్నా, ఆపు!" అని అరిచాడు.

ఎదురుగా ద్రాక్ష పందిరి! మనిషెత్తు రాతి స్తంభాలు, పైన తీగెలు, వేలాడుతున్న గుత్తులు. తడి ఎక్కువ కాబట్టి గాలి ఆడేందుకు ఇక్కడ తీగను పైకెక్కిస్తారు. ఆ ద్రాక్ష పేరు అల్బరీన్యో. చిన్న పచ్చని గింజ, పులుపు కలిసిన తీపి.

1980లో ప్రభుత్వం ఈ వైన్‌కు 'అల్బరీన్యో' అనే ద్రాక్ష పేరుతోనే గుర్తింపు ఇచ్చింది. స్పెయిన్ యూరోపియన్ కూటమిలో చేరాక, ద్రాక్ష పేరు మీద ప్రాంతపు గుర్తింపు కుదరదన్నారు. 1988లో 'రీయస్ బైషస్' అనే ప్రాంతం పేరు పెట్టారు. అయినా రైతులు సీసా మీద అల్బరీన్యో అని రాయడం మానలేదు. మిగతా స్పెయిన్‌లో ఊరి పేరుతో ద్రాక్ష బతికితే, ఇక్కడ ద్రాక్ష పేరుతో ఊరు బతుకుతోంది.

తోటావిడకు డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. తోట హెక్టారు కూడా ఉండదు. ఆ చుట్టుపక్కల అందరివీ చిన్న కమతాలే. ఫోన్లో తర్జుమా చేసుకుంటూ మాట్లాడాం. భర్త స్విట్జర్లాండ్‌లో పనికి వెళ్లి ఏళ్ల తరబడి ఉన్నాడట. అప్పుడు తోటను తానే సాకిందట. గలీసియా నుంచి వలసలు ఎంతగా సాగాయంటే, అర్జెంటీనాలో ఇప్పటికీ స్పెయిన్ వాళ్లందరినీ 'గయేగో' అనే అంటారు. "మావాళ్లు డబ్బు పంపారు. మేం తోట అమ్మలేదు" అందావిడ.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాన్నగారికి వీడియో కాల్ చేసి, ఫోన్ పందిరి వైపు తిప్పాడు.

"బాపూ, చూడు."

అవతల పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నారు. "అరే, రాతి కడీలే గదరా! మనవీ గిట్లనే ఉండె. కిలోకు ఎంతొస్తదట?"

"రెండు యూరోలకు అటూ ఇటట బాపూ."

పెద్దాయన మనసులో లెక్క వేసుకున్నట్టున్నారు. "అయితే అమ్ముకోవద్దని చెప్పురా ఆ తల్లికి" అన్నారు. తర్జుమా చేసి వినిపిస్తే ఆవిడ నవ్వి, ఒక గుత్తి కోసి ఫోన్ ముందు పట్టుకుంది.

తిరిగొచ్చి నెలలు గడిచాయి. మావాడికి వైన్ సెక్షన్ ఇంకా రాలేదు. కానీ ఎవరైనా రియోహా సీసా ఎత్తితే, ద్రాక్ష పేరు తెంప్రానియో అని, దానికి ఇంకో నాలుగు పేర్లున్నాయని అడక్కుండానే చెబుతున్నాడు. ఇంట్లో వాళ్ల నాన్నగారు మాత్రం ఒక పని చేశారు. మిగిలిన రెండు గుంటల జాగాలో, పాత కడీలు నాలుగు నిలబెట్టి, అనాబ్-ఎ-షాహీ మొక్క ఒకటి నాటారట. ఫోటో పంపారు. ఇప్పుడు మా వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంది.