యండమూరి నవలల్లో ప్రేమ, ఉత్కంఠ: పాఠక ప్రతిస్పందన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

యండమూరి వీరేంద్రనాథ్ నవలలపై వచ్చిన విమర్శ ఎక్కువగా వాటి వస్తువు చుట్టూ తిరిగింది. పాఠకులు మాత్రం వస్తువుతో పాటు కథనంలోని ఒక ఏర్పాటుకు స్పందించారు. పాఠకుడికి ఏది, ఎప్పుడు, ఎంత తెలియనివ్వాలి అన్నదే ఆ ఏర్పాటు. ‘అభిలాష’, ‘వెన్నెల్లో ఆడపిల్ల’, ‘తులసిదళం’ నవలల్లో ఈ ఏర్పాటు మూడు విధాలుగా ఉంది. పాఠక ప్రతిస్పందన కూడా మూడు విధాలుగా వెలువడింది. ఈ సంబంధాన్ని నిరూపించడం, దాని ఆధారంగా ‘తులసిదళం’ వివాదాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జనప్రియ నవల, ఉత్కంఠ, పూర్వరాగం, ధారావాహిక, పాఠక ప్రతిస్పందన.

1. ఉపోద్ఘాతం

తెలుగు జనప్రియ నవలకు యండమూరి కంటే ముందే రెండు బలమైన పాయలు ఉన్నాయి. ఒకటి అపరాధ పరిశోధక నవల. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఈ పాయకు ప్రతినిధి. రెండవది 1960ల నుంచి రచయిత్రులు విస్తరింపజేసిన ప్రేమ, కుటుంబ నవల. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’, యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఈ పాయకు ప్రసిద్ధ ఉదాహరణలు. మొదటి పాయలో ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న, రెండవ పాయలో ‘వీరిద్దరూ కలుస్తారా’ అన్న ప్రశ్న కథను నడిపిస్తాయి. ప్రశ్నలు వేరైనా వాటి పని ఒకటే: సమాధానాన్ని వాయిదా వేయడం.

1948లో తూర్పు గోదావరి జిల్లా రాజోలులో జన్మించిన యండమూరి వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. నాటక రచయితగా పేరు తెచ్చుకుని నవలా రంగంలోకి వచ్చారు. పై రెండు పాయలనూ ఒకే కథలో కలపడం ఆయన నవలల ప్రత్యేకత. ఆయన ప్రేమకథల్లో ఒక చిక్కుముడి ఉంటుంది. ఆయన ఉత్కంఠ కథల్లో ఒక ప్రేమ ఉంటుంది. ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ ఆధారంగా 1984లో వచ్చిన ‘ఛాలెంజ్’ చిత్రంలో పెళ్లి సైతం ఒక పందెంతో ముడిపడి ఉంటుంది. ఐదేళ్లలో యాభై లక్షలు సంపాదించగలడా అన్నదే అక్కడి ప్రశ్న. ప్రేమ ఫలించడానికీ లెక్క తేలడానికీ ఒకే గడువు.

2. వారపత్రిక - వాయిదా

ఈ నవలల్లో చాలావరకు మొదట వారపత్రికల్లో ధారావాహికలుగా వెలువడ్డాయి. ‘తులసిదళం’ ఆంధ్రభూమి సచిత్ర వారపత్రికలో వచ్చింది. ధారావాహికలో రచయిత ప్రతి వారం ఒక చోట ఆగక తప్పదు. ఆ విరామం పాఠకుడికి ఏడు రోజుల ఊహాకాలాన్ని ఇస్తుంది. సాహిత్య పఠనంలో ఖాళీలను పాఠకుడే పూరించుకుంటాడని జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ ప్రతిపాదించాడు. ధారావాహికలో ఆ ఖాళీ పుటల మధ్యనే కాక కాలంలో కూడా ఉంటుంది. దాన్ని పాఠకుడు ఒంటరిగా పూరించడు. ఇంట్లో, కార్యాలయంలో, అద్దె పుస్తకాల దుకాణం దగ్గర నలుగురితో కలిసి పూరిస్తాడు. ‘వచ్చే వారం ఏమవుతుంది’ అన్న చర్చ పఠనానికి అనుబంధం కాదు, పఠనంలో భాగం.

అందువల్ల ధారావాహిక పాఠకుడూ పుస్తక పాఠకుడూ ఒకరు కారు. నవల పుస్తకంగా వచ్చాక ప్రకరణం చివర ఉత్కంఠ ఒక పుట తిప్పితే తీరిపోతుంది. వారపత్రికలో అదే ఉత్కంఠ వారం పాటు నిలుస్తుంది. యండమూరి నవలలను ఈనాడు పుస్తకంగా మాత్రమే చదివి వాటి ప్రభావాన్ని అంచనా వేసే పరిశోధకులు ఈ భేదాన్ని గమనించవలసి ఉంది.

3. పాఠకుడికి ఎక్కువ తెలిసిన కథ: ‘అభిలాష’

ఉరిశిక్షను రద్దు చేయించాలన్న ఆశయం గల యువ న్యాయవాది చిరంజీవి ‘అభిలాష’ నాయకుడు. నిర్దోషికి కూడా భారత శిక్షాస్మృతి 302వ సెక్షన్ కింద మరణశిక్ష పడే అవకాశం ఉందని నిరూపించడానికి అతడు తనపైనే ఒక హత్యానేరాన్ని కల్పించుకుంటాడు. అయితే ప్రణాళిక అదుపు తప్పుతుంది. కల్పించుకున్న నేరం నిజమైన ఉచ్చుగా మారుతుంది. ఇందులో అర్చనతో అతని ప్రేమ కథకు సమాంతరంగా నడుస్తుంది. ఈ నవల ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1983లో చలనచిత్రం వచ్చింది.

ఇక్కడ నాయకుడు నిర్దోషి అని పాఠకుడికి తెలుసు, న్యాయస్థానానికి తెలియదు. న్యాయస్థానం కంటే పాఠకుడికి ఎక్కువ తెలియడమే ఉత్కంఠకు మూలం. పాఠకుడు సాక్షి స్థానంలో ఉంటాడు, కాని అతని సాక్ష్యం చెల్లదు. ఈ నిస్సహాయత వల్ల మరణశిక్షపై చర్చ పాఠకుడికి ఉపన్యాసంగా కాక అనుభవంగా అందుతుంది. న్యాయశాస్త్ర గ్రంథాలకు పరిమితమైన ఒక ప్రశ్నను సామాన్య పాఠకుడు తనదిగా భావించి వాదించగలిగే స్థితి ఏర్పడుతుంది. జనప్రియ నవలలో ఆలోచనకు చోటు లేదన్న సాధారణీకరణకు ‘అభిలాష’ ఒక మినహాయింపు. ఇక్కడ ఉత్కంఠ ఆలోచనకు అడ్డు రాలేదు, ఆలోచనకు వాహకమైంది.

4. నాయకుడితో సమానంగా తెలిసిన కథ: ‘వెన్నెల్లో ఆడపిల్ల’

‘వెన్నెల్లో ఆడపిల్ల’లో నాయకుడు రేవంత్ చదరంగ క్రీడాకారుడు. ఒక అపరిచిత యువతి అతనికి ఫోన్ చేస్తుంది. తనెవరో చెప్పదు. ఆధారాలు ఇచ్చి కనుక్కోమంటుంది. చదరంగంలో ఎత్తులు వేసే మనిషి తొలిసారి ఎదుటి వ్యక్తి ముఖం చూడకుండా ఆడవలసి వస్తుంది. పాఠకుడికి తెలిసినది ప్రధానంగా రేవంత్‌కు తెలిసినంతే. అతడు పొరపడితే పాఠకుడూ పొరపడతాడు. అతడు ఆమె స్వరాన్ని ప్రేమిస్తే పాఠకుడూ ప్రేమిస్తాడు.

చూడకుండా ప్రేమించడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. హంస ద్వారా నలుని గుణాలు విని దమయంతి అనురక్త అయింది. విన్న మాటలతోనే రుక్మిణి కృష్ణుని వరించింది. అలంకారశాస్త్రం దీన్ని విప్రలంభ శృంగారంలో పూర్వరాగం అంటుంది. శ్రవణం దానికి ఒక హేతువు. యండమూరి హంస స్థానంలో టెలిఫోన్‌ను నిలిపారు. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. నల దమయంతుల కథలో పూర్వరాగం సంభోగ శృంగారానికి దారి తీస్తుంది. ఈ నవలలో వెతుకులాట ముగిసేసరికి ఆమె ఉండదు. పూర్వరాగం నుంచి కథ నేరుగా కరుణంలోకి జారుతుంది. మధ్యలో ఉండవలసిన సమాగమం లోపించడమే పాఠకుడిని కలచివేసే అంశం.

ఇక్కడ ఉత్కంఠ, ప్రేమ వేరువేరు రసాలుగా లేవు. ‘ఆమె ఎవరు’ అన్నది అపరాధ పరిశోధక నవల అడిగే ప్రశ్న. దానికి సమాధానం దొరకడం ఆ నవలలో విజయం. ఇక్కడ సమాధానం దొరికిన క్షణమే నష్టం తెలిసే క్షణం. చిక్కు విప్పడంలో పాఠకుడు పొందిన ఆనందమే అతని దుఃఖానికి కారణమవుతుంది. ఈ నవల ఆధారంగా సునీల్ కుమార్ దేశాయ్ 1995లో కన్నడంలో తీసిన ‘బెళదింగళ బాలె’ చిత్రంలో నాయిక ముఖం చివరి వరకూ కనిపించదు. నవల పాఠకుడి ఊహకు వదిలిన ముఖాన్ని తెరపై కూడా ఊహకే వదలడం దర్శకుడు మూలాన్ని చదివిన తీరుకు నిదర్శనం. అనుసరణను కూడా ఒక పాఠక ప్రతిస్పందనగా గ్రహించవచ్చనడానికి ఇది మంచి ఉదాహరణ.

5. ఎవరికీ తేలని కథ: ‘తులసిదళం’

‘తులసిదళం’లో తులసి అనే పసిపిల్ల అనారోగ్యం కథకు కేంద్రం. అది చేతబడి ఫలితమా, వైద్యశాస్త్రానికీ మనస్తత్వశాస్త్రానికీ అందే స్థితియా అన్నది ప్రశ్న. రచయిత రెండు వివరణలనూ సమాంతరంగా నడిపిస్తారు. ముగింపు ఒకదానిని ఖాయం చేసి మరొకదానిని కొట్టివేయదు. సహజ, అతీత వివరణల మధ్య పాఠకుడి ఊగిసలాటే అద్భుత సాహిత్య లక్షణమని త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ప్రతిపాదించాడు. ఆ నిర్వచనానికి తెలుగులో ఇంత దగ్గరగా వచ్చే జనప్రియ నవలలు అరుదు.

ప్రతిస్పందన రెండు ధ్రువాలుగా చీలింది. ఒక వైపు అసాధారణమైన పాఠకాదరణ. దానికి కొనసాగింపుగా ‘తులసి’ నవల, కన్నడ, తెలుగు చలనచిత్రాలు. మరొక వైపు తీవ్ర ఖండన. ఈ నవల మూఢనమ్మకాలను పెంచుతుందని హేతువాదులు ఆక్షేపించారు. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ పేరుతో విమర్శ గ్రంథమే రాశారు. ‘క్షుద్ర సాహిత్యం’ అన్న ముద్ర ఈ రకం నవలలకు స్థిరపడింది.

ఈ రెండు వర్గాలూ ఒకే నవలను చదివాయి గాని ఒకే విధంగా చదవలేదు. అభిమాన పాఠకుడు ఊగిసలాటను ఒక ఆటగా అనుభవించాడు. పుస్తకం మూసిన తర్వాత ఆట ముగిసిందని భావించాడు. విమర్శకులు ఆ ఊగిసలాటను ఒక ప్రకటనగా చదివారు. రెండు వివరణలకూ సమాన స్థానం ఇవ్వడం అంటే అశాస్త్రీయమైన దానికి శాస్త్రంతో సమాన గౌరవం ఇవ్వడమేనన్నది వారి వాదంలోని సారం. రచనా శిల్పం దృష్ట్యా మొదటి పఠనం సమంజసమే. సమాజం దృష్ట్యా రెండవ పఠనాన్ని తోసిపుచ్చడం సాధ్యం కాదు. తెలంగాణలో బాణామతి, ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి పేరుతో అనుమానితులపై దాడులు, హత్యలు జరిగిన సమాజం ఇది. అటువంటి చోట ‘ఇది నిజమా కాదా’ అన్న ప్రశ్న కథకు మాత్రమే చెందదు. పాఠకుడి ఊగిసలాటకు మరొక మనిషి ప్రాణం వెల కావచ్చు.

‘అభిలాష’తో పోల్చినప్పుడు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అక్కడ కూడా ప్రశ్న ప్రాణానికి సంబంధించినదే. అయితే నిజం ఏమిటో పాఠకుడికి ముందే తెలుసు కనుక ఉత్కంఠ అతనిని వ్యవస్థను ప్రశ్నించే దిశగా నడిపింది. ‘తులసిదళం’లో నిజమే తేలలేదు కనుక ఉత్కంఠ భయం దగ్గర ఆగిపోయింది. వస్తువు కంటే పాఠకుడికి తెలిసినదాని పరిమితే ఇక్కడ నిర్ణాయకం. చేతబడి గురించి రాయడం దోషం కాదు. దాన్ని తేల్చకుండా వదలడంలో శిల్పలాభం ఎంత, సామాజిక మూల్యం ఎంత అన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

6. ప్రతిస్పందనను పరిశోధించే మార్గం

అమెరికాలో ప్రేమ నవలలు చదివే స్త్రీలతో మాట్లాడి జానిస్ రాడ్వే 1984లో ‘రీడింగ్ ది రొమాన్స్’ ప్రచురించింది. నవలలో ఏముందన్నది ఒక ప్రశ్న, నవల చదవడం ఆ స్త్రీల దైనందిన జీవితంలో ఏ పని చేస్తోందన్నది మరొక ప్రశ్న అని ఆమె వేరు చేసింది. ఇంటిపనుల మధ్య తమకంటూ మిగుల్చుకున్న సమయంగా వారు పఠనాన్ని చూశారు. తెలుగు జనప్రియ నవలా పరిశోధనలో మొదటి ప్రశ్నకు దక్కిన శ్రద్ధ రెండవ దానికి దక్కలేదు. వస్తువు, పాత్రచిత్రణ, శైలి అన్న అధ్యాయ విభజనలో పాఠకుడికి చోటు తక్కువ.

ఇందుకు వారపత్రికల పాత సంచికలు ప్రాథమిక ఆకరాలు. ధారావాహిక సాగుతున్న వారాల్లో వెలువడిన పాఠకుల ఉత్తరాలను ఆ వారం ప్రకరణంతో కలిపి చదవాలి. అయితే అవి సంపాదకులు ఎంచి ప్రచురించినవి. వాటిని మొత్తం పాఠకుల అభిప్రాయంగా తీసుకోరాదు. ధారావాహిక పాఠాన్ని పుస్తక పాఠంతో పోల్చడం, ఆ తరం పాఠకులను, ముఖ్యంగా స్త్రీలను, అద్దె పుస్తకాల దుకాణాలు నడిపినవారిని ఇంటర్వ్యూ చేయడం తక్షణ అవసరం. 1980ల ఆరంభంలో యువతీయువకులుగా ఉన్న ఆ పాఠకులు నేడు అరవై దాటిన వయసులో ఉన్నారు. కాగితంపై లేని ఆధారం వారి జ్ఞాపకంలోనే ఉంది.

7. ముగింపు

‘అభిలాష’లో పాఠకుడికి ఎక్కువ తెలుసు, అతడు వాదిస్తాడు. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో నాయకుడికి తెలిసినంతే తెలుసు; అతడు వెతికి దుఃఖిస్తాడు. ‘తులసిదళం’లో ఎంత చదివినా తేలదు, అతడు భయపడతాడు, లేదా ఆగ్రహిస్తాడు. ఒకే రచయిత, దాదాపు ఒకే పాఠక వర్గం, అయినా మూడు భిన్న ప్రతిస్పందనలు. ఈ భేదానికి వస్తువు ఒక్కటే కారణం కాదు. ‘క్షుద్రం’ అన్న ఒక్క మాట ఈ మూడింటినీ వివరించలేదు. లక్షలాది ప్రతులు అన్న మాట కూడా వివరించలేదు. రచయిత పాఠకుడికి ఏమి తెలియనిచ్చాడు, ఏమి దాచాడు, దాచినదాన్ని చివరికి అప్పగించాడా లేదా అన్న ప్రశ్నలతో జనప్రియ నవలను చదివినప్పుడు ఆదరణకూ ఖండనకూ కారణాలు పాఠంలోనే కనిపిస్తాయి.