మూసుకుందంటే మానినట్టేనా?

ఆసనం పక్కన చిన్న గడ్డ లేస్తుంది. పగిలి చీము కారుతుంది. మానిందనుకునేలోపు మళ్లీ బట్టలకు తడి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేక ఏళ్ల తరబడి గుడ్డ మడిచి పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు. పాత వైద్యులు భగందరం అన్నదీ, ఇవాళ మనం ఫిస్టులా అంటున్నదీ ఇదే. ఎక్కువమందిలో ఇది ఆసనం దగ్గరి గ్రంథుల్లో పట్టిన చీముతో మొదలవుతుంది. కొందరిలో మాత్రం అసలు జబ్బు పేగులో ఉంటుంది. దాని పేరు క్రోన్స్. ఆ వాపు పేగు గోడ పైపొరతో ఆగదు. గోడ మందమంతా దిగి, అవతల చర్మంలోకో, మూత్రాశయంలోకో, ఇంకో పేగులోకో దారి తవ్వుకుంటుంది. అందుకే ఇక్కడ కోసి తీసేస్తే సరిపోదు. లోపల వాపు చల్లారకపోతే కోసిన గాయమే మానదు.

మరి మందులు పనిచేస్తాయా? చేస్తాయి. అయితే ‘పనిచేయడం’ అన్న మాటను ఎలా కొలిచారో చూడాలి.

1999లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద 94 మందితో జరిగిన ట్రయల్ ఈ జబ్బు వైద్యాన్ని మార్చేసింది. వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను కట్టడి చేసే మందు ఇది. సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. డాక్టర్ వేలితో మెల్లగా నొక్కినా ఏమీ కారకపోతే ఆ రంధ్రం మూసుకున్నట్టు లెక్క. కిలోకు 5 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్లలో 55 శాతానికి అన్ని రంధ్రాలూ మూసుకున్నాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలోనూ 13 శాతానికి మూసుకున్నాయి. మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం పెరగలేదు. ఆ మూత నిలిచింది కూడా సుమారు మూడు నెలలే.

దాంతో 8 వారాలకోసారి ఎక్కిస్తూపోతే ఎలా ఉంటుందో చూశారు. 2004లో ఆ ఫలితం వచ్చింది. ఏడాది గడిచాక 36 శాతం మందికి కారడం పూర్తిగా ఆగే ఉంది. మందు ఆపినవాళ్లలో అది 19 శాతం. ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. ఆ 36 శాతం, మొదటి మూడు డోసులకు గుణం కనిపించినవాళ్లలో లెక్క. వైద్యం మొదలుపెట్టిన అందరిలో చూస్తే దాదాపు పావువంతే. ఇది చిన్న మేలు కాదు, ఏళ్ల తరబడి చీముతో బతికిన మనిషికి అది కొత్త జీవితమే. కానీ డ్రిప్ గదిలోకి వెళ్లే మనిషికి ఆ పావువంతు సంగతి ముందే తెలియాలి.

మన దేశంలో ఇంకో జాగ్రత్త. ఒంట్లో నిద్రపోతున్న క్షయను బంధించి ఉంచేదీ ఈ టీఎన్ఎఫే. దాన్ని అణిచేస్తే క్షయ లేచి కూర్చోవచ్చు. కనుక ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్షలు తప్పనిసరి. పైగా పేగు క్షయ, క్రోన్స్ అచ్చం కవలల్లా ఉంటాయి. ఒకదానికి మరొకదాని మందు వాడితే ప్రమాదం.

మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ చీమునూ నొప్పినీ తగ్గిస్తాయి. ఆపితే తరచూ మళ్లీ మొదటికే. పేగు వాపుకు వాడే స్టెరాయిడ్లకు ఫిస్టులాను మాన్పుతాయనే ఆధారం లేదు. కొవ్వు నుంచి తీసిన మూలకణాల మీద చాలా ఆశ పెట్టుకున్నారు. 2016 ట్రయల్‌లో 24 వారాలకు 50 శాతం మందికి మానింది. వాటిని ఎక్కించనివాళ్లలో అది 34 శాతం. ఆ తర్వాత జరిగిన, ఇంకా పెద్ద ట్రయల్‌లో ఆ తేడా నిలబడలేదు. ఒక్క ట్రయల్ చూసి సంబరపడకూడదని నేను గట్టిగా నమ్మడానికి ఇదే కారణం.

పైన చర్మం మూసుకున్నా లోపలి దారి తెరిచే ఉండొచ్చు. అది వేలికి తెలియదు, ఎంఆర్ఐలో కనిపిస్తుంది. నెదర్లాండ్స్ వైద్యులు ముందుండి నడిపి, 2022లో ప్రచురించిన అధ్యయనం ఆ కొలతనే వాడింది. టీఎన్ఎఫ్‌ను అణిచే మందుతోపాటు ఆపరేషన్ చేసి దారిని మూసినవాళ్లలో 32 శాతానికి, మందు ఒక్కటే వాడినవాళ్లలో 9 శాతానికి 18 నెలల తర్వాత లోపల కూడా మానింది. అందులో చాలామంది తమ వైద్యాన్ని తామే ఎంచుకున్నారు, కాబట్టి ఆ తేడాను కాస్త తగ్గించే చదవాలి. అలా తగ్గించి చదివినా, సర్జన్, పేగుల డాక్టర్ ఆ ఎంఆర్ఐని కలిసి చూశాకే మందు మొదలవ్వాలని నాకనిపిస్తుంది.