గడ్డి కోటు తొడుక్కునే సైకస్

చూడటానికి చిన్న ఈతచెట్టులా ఉండే సైకస్‌కు తాటి, ఈత జాతులతో చుట్టరికం లేదు. శేషాచలం కొండల్లోని పేరిత దీని దాయాది. తోటల్లో ఎక్కువగా కనిపించే సైకస్ రివొల్యూటా దక్షిణ జపాన్ దీవులది. ఇంకా ఉత్తరాన, క్యోటోలోని నిజో కోట తోటలో కూడా దీన్ని పెంచుతారు. అక్కడ చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు పడిపోతుంది.

చలి ముదిరితే ఆకు కణాల్లో నీరు గడ్డకట్టి, ఆకులు మాడినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆకులు పోయినా మళ్లీ వస్తాయి. కాండం కొసన ఉన్న మొవ్వు చస్తే మాత్రం ఆ కాండం పని అయిపోయినట్టే. ఆపైన మొదట్లోని పిలకలే దిక్కు.

అందుకే జపాన్ తోటమాలులు చలికాలం మొదట్లోనే ఆకులను పైకి మడిచి కడతారు. కాండానికి ఎండు వరిగడ్డి దట్టంగా చుట్టి, తాళ్లు బిగించి, నెత్తిన గడ్డి టోపీ పెడతారు. బోలుగా ఉండే గడ్డి పుల్లల్లో, వాటి సందుల్లో చిక్కిన గాలి చలిని అడ్డుకుంటుంది. తేమ బయటికి పోతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే చెమ్మ లోపలే నిలిచి మొవ్వు కుళ్లే ప్రమాదముంది. వసంతం రాగానే గడ్డిని విప్పేస్తారు.

కుండీలో మొక్కనైతే వెలుతురు తగిలే గదిలోకి మార్చి, నీళ్లు తగ్గిస్తే చాలు. మాడిన ఆకులను వెంటనే కోయకూడదు. చలి పూర్తిగా పోయేదాకా మొవ్వుకు అవే గొడుగు.