పడవలో మంచినీళ్ళు: శీతకాలపు జాగ్రత్తలు

అమెరికా, కెనడాల నడుమనున్న మహాసరస్సుల తీరాన అక్టోబరు వచ్చేసరికి విహారపు పడవలు ఒక్కొక్కటిగా ఒడ్డుకెక్కుతాయి. ఇంజన్ సంగతి యజమానులు సాధారణంగా మరచిపోరు. మరుగున పడేది వంటగదికీ, స్నానపుగదికీ నీరందించే చిన్న వ్యవస్థ: ఒక ట్యాంకు, ఒక పంపు, వాటర్ హీటరు, కొన్ని గొట్టాలు, కుళాయిలు. దీనికి పొంచివున్న ప్రమాదాలు రెండు. మొదటిది గడ్డకట్టే నీరు. రెండవది, దాని నుంచి కాపాడడానికి మనిషి పోసే రసాయనం.

ద్రవాలలో అధికభాగం ఘనీభవించినప్పుడు కుంచించుకుపోతాయి. నీరు అందుకు భిన్నం. మంచుగా మారేటప్పుడు దాని అణువులు షట్కోణాకారపు అల్లికగా అమరి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పెరుగుతున్న మంచుకూ, మూసివున్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిలో ఒత్తిడి హెచ్చి, గొట్టమో, పంపో చిట్లుతుంది. వసంతంలో మళ్ళీ నీళ్ళు నింపేదాకా ఆ పగులు బయటపడదు.

కనుక మొదటి పని ట్యాంకునూ, హీటరునూ పూర్తిగా ఖాళీ చేయడం. హీటరు విద్యుత్తును ముందుగానే ఆపివేయాలి. తరువాత హీటరును పక్కనబెట్టి, దానికి వచ్చే గొట్టాన్నీ, పోయే గొట్టాన్నీ నేరుగా కలిపితే, యాంటీఫ్రీజ్ దానిని నింపడానికి వృథా కాదు. ఫిల్టర్లు తీసివేయాలి. అయినా గొట్టాల వంపులలో కొంత నీరు నిలిచే ఉంటుంది. అందుకే యాంటీఫ్రీజ్‌ను పంపుతో తోడించి, వేడినీటి కుళాయినీ, చన్నీటి కుళాయినీ విడివిడిగా తెరిచి, చిక్కని గులాబీ రంగు వచ్చేవరకూ వదలాలి. షవరును మరువకూడదు. రంగు పలచగా ఉంటే నీరు కలిసినట్టే. ఆ మేరకు రక్షణ తగ్గినట్టే. డబ్బాపై ‘−50’ ఫారెన్‌హీట్ అని ఉన్నా, అది సాధారణంగా గొట్టం పగలకుండా ఉండే హద్దు మాత్రమే. ద్రావణం అంతకంటె చాలా ముందే ముద్దగా మారడం మొదలవుతుంది.

ఇక రెండవ ప్రమాదం. తాగునీటి గొట్టాలలో వాడదగినది ప్రొపిలీన్ గ్లైకాల్. శరీరం దానిని చాలావరకు లాక్టిక్ ఆమ్లంగా మార్చి వినియోగించుకుంటుంది. కారు రేడియేటర్లలో పోసేది సాధారణంగా ఎథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉండడం దాని ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. కాలేయంలో అది గ్లైకాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలుగా మారుతుంది. మొదటిది రక్తపు ఆమ్లత్వాన్ని పెంచుతుంది. రెండవది కాల్షియంతో కలిసి, స్ఫటికాలై, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఈ కుటుంబపు రసాయనాలు మనుషులను బలిగొనడం కొత్త కాదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, పానకంగా అమ్మారు. అది తాగి వందమందికి పైగా మరణించారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. అమ్మకానికి ముందే మందు సురక్షితమని చూపాలన్న 1938 నాటి చట్టం రావడానికి ఆ విషాదమే దోహదం చేసింది. రంగు కూడా నమ్మదగిన గుర్తు కాదు. గులాబీ అయినా, ఆకుపచ్చ అయినా అది తయారీదారు కలిపిన రంగే. చదవవలసింది డబ్బా మీది రసాయనం పేరునూ, తాగునీటి వ్యవస్థకు తగినదన్న మాటనూ.

వసంతంలో క్రమం తిరగబడుతుంది. రంగు, నురగ పోయేవరకూ మంచినీటితో కడగాలి. ఆపైన ప్రతి 15 గ్యాలన్లకు పావు కప్పు చొప్పున, పరిమళం కలపని మామూలు బ్లీచ్ వేసి, ఆ నీటిని ప్రతి కుళాయికీ చేర్చి, నాలుగు గంటలు నిలిపి, పారబోసి, వాసన పోయేదాకా మళ్ళీ కడగాలి. నెలల తరబడి నిలిచిన తడిలో సూక్ష్మజీవుల పొరలు పెరుగుతాయి. క్లోరిన్ అవసరం అందుకే. కొత్త ఫిల్టర్లు ఆ తరువాతే బిగించాలి.

శరదృతువులో ఈ గొట్టాలలోకి పోసినదాని జాడ వేసవిలో ఎవరో ఒకరి గ్లాసులోకి చేరే అవకాశం ఉంది. పోసే ముందు డబ్బాను ఒకసారి చదవడానికి అంతకుమించిన కారణం అక్కరలేదు.