పేరు లేని సీరియళ్లు

చందమామలో ఒక సీరియల్ పూర్తయ్యేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. అన్ని నెలల సంచికలూ ఒక్కటీ పోకుండా దాచి, పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు వేరుచేసి, దబ్బనంతో పొడిచి దారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేస్తే ఇంట్లోనే ఒక నవల తయారు. తెలుగునాట ఎన్నో ఇళ్లలో ఈ పని జరిగింది. పుస్తకం వేసే నాథుడు లేనప్పుడు పాఠకుడే ప్రచురణకర్త అయ్యాడన్నమాట.

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఊళ్లకు రైలు వచ్చింది 2016లో, నంద్యాల–ఎర్రగుంట్ల లైను మొదలయ్యాక. పులివెందులకు ఇప్పటికీ లేదు. అంతకుముందు మద్రాసు నుంచి ఏదైనా రైల్లో రావాలంటే ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో దిగి బస్సెక్కాల్సిందే. చందమామ కూడా మద్రాసు సరుకే. కానీ దాని వెనకున్న మనిషి ఈ సీమవాడు. కడప జిల్లా పొట్టిపాడులో 1912లో పుట్టిన బొమ్మిరెడ్డి నాగిరెడ్డి, తెనాలి వైపు నుంచి వచ్చిన చక్రపాణితో కలిసి 1947 జులైలో ఈ పత్రిక మొదలుపెట్టారు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థ కూడా ఈ ఇద్దరిదే. తెరమీద మాంత్రికుణ్ణి చూపించినవాళ్లే కాగితం మీదా చూపించారు.

ఆ మాంత్రికుల్లో ఎక్కువమందిని పుట్టించింది దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. ‘తోకచుక్క’తో మొదలై ‘భల్లూక మాంత్రికుడు’తో ముగిసిన పన్నెండు సీరియళ్లు ఆయనవే. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు, ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘రాతిరథం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు... ఈ పేర్లు ఇప్పటికీ వరసగా అప్పజెప్పే పెద్దవాళ్లున్నారు. రాసిందెవరంటే మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు. సిబ్బంది రాసిన సీరియళ్లకు పేరు వెయ్యకపోవడం పత్రిక పద్ధతి. ఇవన్నీ అదే పత్రికలో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు రాశారనే అనుకున్నవాళ్లు కోకొల్లలు. బొమ్మలు వేసిన చిత్రా, అంటే టి.వి.రాఘవన్, ఆ విషయంలో కాస్త అదృష్టవంతుడు. ఆయన సంతకం బొమ్మ మూలన ఉండేది. 1978లో ఆయన పోయారు. ‘భల్లూక మాంత్రికుడు’ కూడా ఆ ఏడాదితోనే సరి.

అచ్చంగా ఇలాంటి కథే అమెరికాలో ఉంది. అక్కడి దినపత్రికల్లో రోజుకు మూడు నాలుగు గళ్లలో బొమ్మల కథ నడుస్తుంది, ఆదివారం రంగుల్లో పెద్దగా వస్తుంది. మిక్కీమౌస్ దినసరి కథను 1930 నుంచి 1975 దాకా నలభై అయిదేళ్లు గీసింది ఫ్లాయిడ్ గాట్‌ఫ్రెడ్‌సన్. కింద ఉండేది మాత్రం వాల్ట్ డిస్నీ సంతకం. సియాటిల్‌లోని ఫాంటాగ్రాఫిక్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ 2011 నుంచి ఆ కథలను సంపుటాలుగా వేస్తూ అసలు చిత్రకారుడి పేరు అట్టమీదికి తెచ్చింది. అంతకుముందు 2004లో మొదలుపెట్టి, చార్లెస్ షుల్జ్ యాభై ఏళ్లపాటు గీసిన ‘పీనట్స్’ మొత్తాన్ని, పదిహేడు వేలకు పైగా కథలను, ఇదే సంస్థ పుస్తకాల్లోకి ఎక్కించింది.

అసలు ఆ పాత కాగితాలు మిగలడమే ఒక వింత. అమెరికా గ్రంథాలయాలు దినపత్రికలను నలుపు తెలుపు మైక్రోఫిల్ముకు ఎక్కించి, చోటు లేదని బైండు పుస్తకాలను వదిలించుకున్నాయి. రంగుల ఆదివారం పేజీలు ఫిల్ములో బూడిదరంగు మచ్చలయ్యాయి. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బిల్ బ్లాక్‌బియర్డ్ అనే ఆయన ఒక సంస్థ పెట్టి, ఆ బైండు పుస్తకాలన్నీ తెచ్చి ఇంట్లో పేర్చడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్లకు ఇల్లంతా కాగితమే. చివరికి ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం వాటిని తీసుకుపోవడానికి ఆరు పెద్ద లారీలు కావాల్సి వచ్చాయి. బరువు 75 టన్నులు! ఆ తర్వాత వచ్చిన పునర్ముద్రణల్లో చాలావాటికి మూలం ఆ గుట్టే.

కడపవాళ్లకు ఇలాంటి పిచ్చి కొత్తేం కాదు. 1820లో ఉద్యోగం మీద కడప వచ్చిన సి.పి.బ్రౌను బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

చందమామకు బ్రౌనూ బ్లాక్‌బియర్డూ ఒక్కరు కాదు, పదిమంది. 2007లో పత్రిక ముంబైలోని జియోడెసిక్ కంపెనీ చేతిలోకి వెళ్లి, కొన్నేళ్లకు ముద్రణే ఆగిపోయింది. ఈలోగా అభిమానులు తలా కొన్ని పాత సంచికలు బయటికి తీసి స్కాన్ చేసి పెట్టారు. దాసరి 2010 జనవరిలో కన్నుమూశారు. హైదరాబాదు ‘రచన’ మాసపత్రిక వాళ్లూ, పిల్లల పుస్తకాలు వేసే తార్నాకలోని ‘మంచి పుస్తకం’ వాళ్లూ ఆయన సీరియళ్లను పుస్తకాలుగా తెచ్చారు. అట్టమీద దాసరి సుబ్రహ్మణ్యం పేరు అచ్చులో కనిపిస్తుంది.

పని తేలికేం కాదు. అరవై ఏళ్ల నాటి సంచిక చేతిలోకి తీసుకుంటే అంచులు తేనెరంగుకు తిరిగి ఉంటాయి, పిన్ను తుప్పు చుట్టూ గోధుమరంగు వలయం, పేజీ మడిచినచోట విరుగుతుంది. ఎరుపు ఒక నూలువాసి పక్కకు జరిగి అచ్చయితే రాక్షసుడికి నాలుగు పెదవులు. వెనక పేజీలోని ‘ఫోటో వ్యాఖ్యల పోటీ’ అక్షరాలు ముందుకు తొంగిచూస్తాయి. వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి అభిమానమే. నచ్చిన బొమ్మను కత్తిరించి గోడకు అంటించినవాళ్లు తక్కువేమీ కాదు.

ఇంకో చిక్కు ఉంది. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ నాలుగు వాక్యాల్లో ఉండేది, చివర ‘ఇంకా వుంది’ అని ఉండేది. నెల రోజులు ఆగి చదివేవాడికి ఆ రెండూ కావాలి. మొత్తం ఒకేచోట చదివే ఇప్పటి పిల్లవాడికి పది పేజీలకోసారి అవి అడ్డం. ఇంట్లో దారంతో కుట్టుకున్న ప్రతుల్లో మాత్రం అవి ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆ పేజీ వెనకాలే అచ్చయి తప్పించడానికి వీల్లేక ఉండిపోయిన వేరే కథ తోకతో సహా.