చెవిలోని తోడు

జలంత్రకోట, టెక్కలి ప్రాంతములనుండి కళింగనగరమునకు, అనగా వంశధారాతీరమందలి నేటి శ్రీముఖలింగమునకు, పయనమగువారు పూర్వము చద్దిమూటను, చెంబును సిద్ధము చేసికొనెడివారు; నేడు వానితోపాటు చెవికొక తోడును గూడ సిద్ధము చేసికొనవచ్చును. చూపరి నిలిచిన చోటిని గూర్చి అతని చెవిలోనే చెప్పు ఈ ఆడియో గైడునకు డెబ్బదియేండ్లు దాటిన జీవితము కలదు.

1952లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి స్టెడెలిక్ చిత్రశాలలో ఇది పుట్టినది. గదుల చుట్టును తీగను అమర్చి, టేపురికార్డరు పలుకు ఉపన్యాసమును రేడియోతరంగములుగా ఆ తీగద్వారా ప్రసరింపజేయగా, సందర్శకులు చేతిలోని చిన్న రేడియోతో దానిని వినెడివారు. గొంతు ఒక్కటే, వేళయు ఒక్కటే యగుటచేత అందరును ఒకే పటము నెదుట ఒకేసారి నిలిచి, ఒకేసారి కదలవలసివచ్చెను. 1963లో ఫిలిప్స్ సంస్థ వెలువరించిన క్యాసెట్టును, 1979లో సోనీ సంస్థ అంగడికి తెచ్చిన వాక్‌మన్‌ను ఈ నిర్బంధమును సడలించి, ఎవరి గొంతును వారికి ఇచ్చినవి; కాని టేపు ముడులు వేసిన తాడువంటిది, మొదటి ముడిని దాటక రెండవదానిని చేరరాదు. శబ్దము అంకెలుగా మారి చిన్న చిప్పులో ఒదిగిన పిమ్మటగాని, సంఖ్య నొక్కి కోరిన చోటి కథను కోరిన క్షణమున వినుట సాధ్యపడలేదు.

ఆ సంఖ్యను సైతము నొక్కనక్కరలేకుండ చేసినది జీపీఎస్. సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు తమ పరమాణుగడియారముల కాలమును నిరంతరము చాటుచుండగా, కనీసము నాలుగింటి సంకేతములు చేరుటలోని జాప్యమును బట్టి ఫోను తన స్థానమును గణించును. ఆ లెక్కలో సెకనునందు నూరుకోట్లవ వంతు తప్పినను దూరము ఒక అడుగు తప్పును. పౌరులకు అందు సంకేతమును బుద్ధిపూర్వకముగా మసకబరచు పద్ధతిని అమెరికా 2000 మే నెలలో విడనాడినందున, వీథిలో నడచువాని అడుగులను అనుసరించి గొంతు మేల్కొనుట సుసాధ్యమైనది.

ఇట్టి నడకను శ్రీముఖలింగమునకు మనమే కూర్చుకొనదలచినచో ఏమి సిద్ధపరుపవలెను? స్థానమును తెలిసికొనుటకు ఇంటర్నెట్టుతో పనిలేదు గాని, పాఠమును, పటమును ఇంటివద్దనే ఫోనులోనికి దింపుకొనవలెను. చార్జింగు నిండుగా నుండవలెను. బండ్లు తిరుగు వీథిలో ఒక చెవిని తప్పక తెరచి యుంచవలెను. సోమేశ్వర, భీమేశ్వరాలయముల యెదుట ఆరుబయట నిలిచినప్పుడు ఉపగ్రహము దారి చూపును. మధుకేశ్వరుని గర్భాలయమున రాతికప్పు క్రింద ఆ క్షీణసంకేతము అందదు గనుక, అచటి కథను ప్రాంగణముననే విని, చెవి ఖాళీచేసికొని లోనికి పోవుట మేలు.

అయితే యంత్రము చోటు నెరుగును గాని మాట నెరుగదు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగని వంశమునకు రాజధానిగా నుండిన ఆ యూరి గోడలపై శాసనములు నేటికిని కలవు. 1863లో, అదే వంశధారాతీరమున, పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు ముఖలింగ శాసనముల లిపిని స్వయంకృషితో చదువ నేర్చికొనిరి. రాతిపై పలుకును విప్పిన ఆ మహనీయుడే జనుల నోటి మాటకు గ్రంథములలో స్థానమీయవలెనని జీవితాంతము పోరాడెను. గ్రాంథికమున వ్రాయుచున్న నాకును ఈ విషయమున సందేహము లేదు: కంటితో చదువువాడు అర్థము కానిచో వెనుకకు పోయి మరల చదువగలడు; నడచుచు వినువానికి ఆ యవకాశము స్వల్పము. కావున చెవికై వ్రాయు పాఠము పొట్టి వాక్యములతో, వాడుకమాటలతో, ఒక్కొక్క చోట రెండుమూడు నిమిషములకు మించక, ముందు చూడవలసిన దిక్కును చెప్పి, పిదప కథ చెప్పవలెను.

పాఠము ముగిసినదో లేదో తెలిసికొనుటకు నాకు తోచిన పరీక్ష ఒక్కటే. ఉద్దానపు జీడితోటలో పనిచేయు, అక్షరము రాని ముసలమ్మను వెంటగొని, ఆమె చెవికి ఆ గొంతును తగిలించి గుడిచుట్టు నడువవలెను. గొంతు చెప్పిన ప్రతిచోటను ఆమె చూపు సరియైన శిల్పముపై వ్రాలినచో, ప్రయాణమునకు సర్వము సిద్ధమైనట్లే.