తాళపుకప్పను చూచి మోసపోవలదు

మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలు దిగి, దోర్నాల మీదుగా శ్రీశైలము కొండ ఎక్కబోవు యాత్రికులలో, గదికై ఫోనులో ముందుగానే సొమ్ము చెల్లించి, తీరా క్షేత్రమునకు చేరిన పిమ్మట తమ పేర గది యేదియు లేదని తెలిసికొని నిర్ఘాంతపోవువారు ఉండుచునే యున్నారు. శ్రీశైల వసతిగదుల పేర నకిలీ వెబ్‌సైట్లు వెలసి భక్తులను దోచిన వార్తలు పత్రికలలో పలుమార్లు వచ్చినవే. "చూచుకొనక ఎట్లు కట్టితిరయ్యా?" అని యడిగినచో, "క్రోములోనే చూచితినండి, తాళపు గుర్తు కూడ ఉన్నది" అను సమాధానము సిద్ధముగా నుండును. పేరున్న బ్రౌజరు, అందొక తాళపుకప్ప, ఈ రెండును ఉన్నచో సైటు నిక్కమైనదే యను నమ్మకమును జనులలో ఎవరు నాటిరో గాని, దొంగలకు అంతకు మించిన ఉపకారి లేడు.

ఆ గుర్తు చెప్పునది ఒక్కటే: మీ ఫోనునకును, ఆ సైటును నడుపు సర్వరునకును నడుమ అక్షరములు గూఢలిపిలో పోవుచున్నవి, దారిలో మూడవవాడు చదువజాలడు. ఆవలి కొసన నున్నవాడు దేవస్థానపు గుమాస్తాయో, గజదొంగయో అది చెప్పదు. చెప్పు శక్తియు దానికి లేదు. ఆ గుర్తునకు వలయు ధ్రువపత్రమును 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' అను సంస్థ 2015 నుండి ఉచితముగా ఇచ్చుచున్నది. సైటు తన యధీనమున నున్నదని చూపినవానికి నిమిషములలో అది లభించును, వాని నడవడిని విచారించువారు లేరు. ఈ అపార్థమును గ్రహించియే గూగుల్ 2023 సెప్టెంబరులో, క్రోము 117వ వెర్షనుతో, తాళమును తొలగించి సెట్టింగుల గుర్తును పెట్టినది. ఉన్న తాళమునకే అర్థము లేదనుచుండగా, లేని తాళమును చూచితిమనువారికి ఏమి చెప్పగలము?

చూడవలసినది చిరునామా. మొదటి జంటగీతలను విడిచి, తరువాత వచ్చు ఏటవాలు గీతకు ముందు కొట్టకొసన నున్న పేరే యజమానిని తెలుపును. 'గవ్ డాట్ ఇన్' అని ముగియు పేరు ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు దొరకదు. ఆ మాటల వెనుక మరియొక చుక్కయు, మరియొక పేరును చేరినవా, అది ప్రభుత్వముది కాదు.

బ్రౌజర్లను గూర్చిన అపోహలు మరికొన్ని కలవు. ఇన్‌కాగ్నిటో అను రహస్య కిటికీ మీ ఫోనులోని చరిత్రను దాచునే గాని, నెట్ ఇచ్చు కంపెనీ కన్ను కప్పదు. డేటా మిగులునని యూసీ బ్రౌజరును ఏపీకే ఫైలుగా పంచుకొనువారు, 2020 జూన్ 29న ప్రభుత్వము దానిని నిషేధించినదను సంగతి యెరుగరు కాబోలు.

తెలుగు ఒక బ్రౌజరులోనే సరిగా కనబడునను మాటను మాత్రము పూర్తిగా కొట్టివేయజాలను. పత్రికలు యూనికోడ్ గాక సొంత ఫాంట్లను వాడిన దినములలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు లేనివారికి దక్కినది గజిబిజి గీతలే. ఫైర్‌ఫాక్స్ వారిని నాగార్జున వెన్న రచించిన 'పద్మ' అను పొడిగింత, ఆ గీతలను యూనికోడు తెలుగుగా మార్చి, ఆదుకొన్నది. నేడా బెడద లేదు. కావున నిత్యపఠనమునకు, ప్లే స్టోరు నుండియే దింపుకొన్నదియు, అప్‌డేట్లు వచ్చుచున్నదియు, ఫైర్‌ఫాక్స్ వలె ప్రకటనలను ప్రక్కకు నెట్టి వ్యాసమును మాత్రమే పెద్ద అక్షరములలో చూపు రీడర్ వ్యూ గలదియు ఎంచుకొనుడు. సొమ్ము కట్టుటకు ముందు పైనున్న చిరునామాను వ్రేలితో తాకి ఆసాంతము చదువుడు. అప్పటికే కట్టి మోసపోయినచో, సిగ్గుపడక, తెల్లవారు దాక ఆగక, తక్షణమే సైబరు మోసముల సహాయవాణి 1930కి ఫోను చేయుడు.